వంటింట్లో మూడో పెట్టె

బత్తాయి రైతు షావలి అరుగు మీద నుంచి లేవనన్నాడు.

"మీ కొడుకులిద్దరూ కలిసి ఒక్క మాట చెప్పేదాకా నేను ఈడ్నించి కదల్ను నారాయణమ్మక్కా. బోరు బండి తోటలో నిలబడి ఉండాది. నిలబడనీ."

నారాయణమ్మ టీ గ్లాసు చేతికిచ్చింది. పుచ్చుకున్నాడు గానీ తాగలేదు. తాగితే కోపం దిగిపోతుందని భయం కాబోలు, గ్లాసు పక్కన పెట్టి దానివైపు చూడనైనా చూడలేదు.

"పొద్దున్నే పోయి చూస్తే ఒకే తోటలో రెండు రాళ్లు. రెండిటికీ పసుపు, రెండిటికీ కుంకం. ఉత్తరం మూల మీ పెద్దోడు టెంకాయ కొట్టినాడు, తూర్పు గెనం గట్టు కాడ మీ చిన్నోడు కొట్టినాడు. నేనేం చేయల్లక్కా? సగం బోరు ఆడ, సగం ఈడ ఏసుకోనా?"

లోపల్నుంచి పెద్దకొడుకు నరసింహులు గొంతు ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు.

"ఉత్తరం మూలే షావలన్నా. పోయినేడు నేనూ వాడూ కలిసి చూసిన పాయింటే అది. ఇప్పుడు వాడు మాట మార్చినాడంటే ఎందుకో వాన్నే అడుగు."

"అడిగినా. మల్ల మిషన్ పెట్టి చూసినా, ఉత్తరం మూల ఉత్త బండ అన్నాడు."

"అట్లనే అంటాడు. బండి నాది కదా! నా బండి ఏసిన బోరు ఫెయిలయితే వానికి పండగ."

"ఏమప్పా, మీ పండగల్లో నా తోట పోతాదే!" అన్నాడు షావలి. "ఆకు ముడుచుకోని ఉండాది. పిందె రాల్తాండాది. మా ఇంటామె మేరాజ్ బీ తెల్లార్నించీ బిందెల్తో మోస్తాంది. బిందెల్తో చీనీ చెట్టు బతుకుతాదా? ఇదే నా ఆఖరి బోరు. ఇది గూడా పొయ్యిందంటే చెట్లు కొట్టేసి కట్టెలకేసేదే."

మాట్లాడటానికి ఏమీ లేనప్పుడు నరసింహులు ఎటు చూస్తాడో ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. తలుపు దగ్గర నిలబడ్డ పెళ్లాం ప్రసూన వైపు చూశాడు.

"ఇదంతా యాడ మొదలైందో తెల్సా షావలన్నా? ఈ మహాతల్లి కాడ. కంప్యూటరు పెట్టెలకు తాళమేసి కూచ్చుంది. నీ తోట ఎండిపోతే పాపం మాది కాదు, ఈమెది."

ఆ మాట ఆ ఇంట్లో మూడు పూటలా వడ్డించేదే. భాగాలు పంచుకున్ననాటి నుంచి మొగుడు అంటున్నాడు, మరిది చైతన్య అంటున్నాడు, తోటికోడలు మౌనికైతే బస్టాండులో నలుగురి ముందర కూడా అంటోంది. ఇల్లు పంచారా, వాకిలి పంచారా అన్న బాధ ప్రసూనకు లేదు. ప్రసూన తాళం వేయలేదు అన్న ఒక్క మాట ఎవరో ఒకరు పైకి అంటే చాలు. అదొక్కటే ఆమెకు కావాలి. ఎవరూ అనడం లేదు.

ఆ పంచాయితీ అయినా ఎంత సొగసుగా జరిగిందని! పెద్దవాడు భాగాలు చేయాలి, చిన్నవాడు కోరుకోవాలి. మన వైపు పద్ధతి అది. బోరు బండి ఒకవైపు పెట్టారు, భూమిలో నీటిజాడ చూసే సర్వే మిషనూ జీపూ ఒకవైపు పెట్టారు. దుకాణం ఒకరికి, బస్టాండు దగ్గరి గదులు ఒకరికి. అరిచారు, అలిగారు, అన్నం మానేశారు. చివరికి బోర్ల లెక్కలు దాచే రెండు నల్ల పెట్టెలు మిగిలాయి. ఒకే ఎత్తు, ఒకే బరువు, రెండిటికీ నీలం లైటు.

"రెండు పెట్టెలుండాయి, ఇద్దరు కొడుకులుండారు. ఇంకేం చిక్కప్పా?" అన్నాడు పెద్దమనిషి. అందరూ నవ్వారు. ఆ రోజు కొట్లాట లేకుండా తెగిన భాగం అదొక్కటే.

"అవి రెండు కాదు, ఒకటే" అంది ప్రసూన.

"రెండు కండ్లకు రెండు అగుపడతాంటే ఒకటంటాదేందప్పా ఈ పాప!" అని మళ్లీ నవ్వారు. మౌనిక వెళ్లి, లైటు బాగా వెలుగుతున్నదేదో చూసి దాన్ని కోరుకుంది.

ప్రసూన అన్నది నిజమే. అంతకుముందెప్పుడో గార్లదిన్నె మీద పిడుగులు పడిన సాయంత్రం దుకాణంలో కంప్యూటరు మాడిపోయి, మామ ఎర్రన్న కాలం నుంచి ఏ ఊళ్లో ఏ చేన్లో నీళ్లు పడ్డాయో, ఎక్కడ దుమ్ము లేచిందో, ఆ వివరమంతా దానితోపాటే పోయింది. మళ్లీ అట్లా జరగకూడదని ఆమే ఈ జంటను అమర్చింది. చిలమత్తూరు పిల్ల, బెంగుళూరులో కొన్నేళ్లు ఇదే కంప్యూటరు పని చేసి వచ్చింది. ఒక పెట్టె దుకాణంలో, ఒకటి ఇంటి వెనక గదిలో, నడుమ కేబుల్. ఒకదాంట్లో పడిన అక్షరం అదే క్షణాన రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి కాలిపోయినా, కరెంటు పోయినా, రెండోది అదే పేరుతో పని అందుకుంటుంది. చేన్లో నిలబడి ఫోన్లో చూసుకునేవాడికి తనతో ఏ పెట్టె మాట్లాడుతోందో కూడా తెలియదు.

నడుమ కేబుల్ తెగితే రెండిట్లో ఏది నడవాలో తేల్చే మధ్యవర్తి లాంటి మూడోదీ ఒకటుంది. అరచేతంతది, నారాయణమ్మ వంటింటి గూట్లో పోపుల డబ్బాల వెనక ఉంటుంది. దాంట్లో ఫైళ్లేమీ ఉండవు కాబట్టి పెద్దమనుషులు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

భాగాలు పంచుకుని, నడుమ కేబుల్ ఊడదీసిన ఆ సాయంత్రమే పెట్టెలు రెండూ మొండికేశాయి. పాతవి చదవనిస్తాయి, కొత్తది రాయనివ్వవు. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ అన్ని విషయాల్లో విడిపోయి ఈ ఒక్కదాంట్లో ఏకమయ్యారు. ప్రసూన తాళం వేసింది.

"తాళం ఏసింటే," అంది ప్రసూన ఇప్పుడు, మెల్లగా, "నీ పెట్టె ఇన్నాళ్లూ ఎట్లా నడుస్తాంది?"

"కంప్యూటర్లు రిపేరు చేసే ఆఫ్తాబ్ వచ్చి తీసినాడు. అనంతపురం నుంచి పిలిపించినా. ఒక్క నిముషం పట్టలా."

ప్రసూన మొహంలో రంగు మారింది. "ఏం చేసినాడు? బలవంతంగా నడువు అని దానికి చెప్పినాడా?"

"నాకేం తెల్సు. నడిచింది, అంతే."

"మీ తమ్మునిది?"

నరసింహులు భుజాలెగరేశాడు. జవాబు అరుగు మీద నుంచి వచ్చింది.

"దాన్నీ ఆఫ్తాబే తీసినాడమ్మా," అన్నాడు షావలి. "మా పెద్దమ్మ మనవడు వాడు. రెండిండ్లలో టీ తాగొచ్చినా, ఒకరికొకరు చెప్పద్దన్నారు అని నవ్వుకుంటా పోయినాడు."

ప్రసూన గడప మీద కూర్చుండిపోయింది.

"అంటే ఇన్నాళ్లూ," అంది, "రెండోది సచ్చిపోయింది, ఇంక నేనే ఉండాను అనుకోని దేనికది రాసుకుంటాంది. నీ బండి ఏసిన బోర్లన్నీ నీ దాంట్లో. చైతన్య మిషన్ పెట్టి చూసినవన్నీ వాని దాంట్లో. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. సగం చూసి నువ్వొక రాయి పెట్టినావు, సగం చూసి వాడొక రాయి పెట్టినాడు."

"ఏది నిజమమ్మా మల్ల?" అన్నాడు షావలి.

"పెట్టెలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే చెప్పగల్ను."

"వాన్ని నా దుకాణం మెట్టెక్కనీను," అన్నాడు నరసింహులు. "వాని గడప నేను తొక్కను. బండి గూడా సాయంత్రం కొత్తచెరువుకు పోవల్ల, మాటిచ్చినా. మల్ల ఈ పక్కకు ఎప్పుడొస్తాదో దేవునికి తెలియాల."

అంతవరకూ కొంగుతో గ్లాసు తుడుస్తూ నిలబడిన నారాయణమ్మ అప్పుడు నోరు విప్పింది.

"నా వంటిల్లు ఎవరి భాగంలోనూ పడలేదు. ఆడికి తెమ్మను."

ప్రసూన ఫోన్ తీసింది.

"మౌనికా, నేను. ప్రసూనక్కను."

"తెల్సు. ఫోన్లో పేరు పడతాది." వెనకాల కుక్కరు కూత పెట్టింది.

"మీ పెట్టె తీస్కోని అత్త వంటింటికి రాండి. ఇద్దరూ."

"ఎందుకు? ఇంకొక తాళం ఏసేదానికా?"

ప్రసూన కళ్లు మూసుకుని తెరిచింది. "షావలన్న తోట పోతాంది మౌనికా. నా మీద కోపం యాడికీ పోదు, రేపు గూడా ఉంటాది. బోరు బండి సాయంత్రం పోతాది."

అవతల కుక్కరు ఇంకో కూత పెట్టింది.

"మా పెట్టె మల్ల మాకిచ్చేయల్ల."

"ఇస్తా."

"అత్త మీద ఒట్టెయ్."

ప్రసూన అత్త వైపు చూసింది. నారాయణమ్మ గ్లాసు తుడవడం ఆపి, వాకిట్లో ఏదో కోడి ఉన్నట్టు అటు తిరిగింది. అక్కడ కోడి లేదు.

"ఒట్టు," అంది ప్రసూన.

చైతన్య ఎప్పటిలాగే సర్వే మిషన్ సంచి ముందర పెట్టుకుని బైకు మీద వచ్చాడు. వెనకాల మౌనిక దుప్పట్లో చుట్టిన పెట్టెను చంటిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దిగి, షావలికి నమస్తే అన్నాడు, తల్లిని పలకరించాడు, "వదినా" అన్నాడు. అన్నను మాత్రం చూడలేదు. వంటిల్లు మరీ చిన్నది. అంత చిన్న గదిలో ఒక మనిషిని చూడకుండా ఉండటం సామాన్యమైన పని కాదు, కానీ చైతన్య దాన్ని సాధించాడు.

ప్రసూన నేల మీద చాప వేసుకుని, దుకాణం నుంచి తెచ్చిన కరెంటు బోర్డు పక్కన పెట్టుకుని, రెండు పెట్టెలకూ ప్లగ్గులు పెట్టింది. నారాయణమ్మ గూటికి అడ్డంగా నిలబడి చూస్తోంది.

"అమ్మా, ఆయన్ని రవ్వంత జరగమను. వదినకు ఎలుతురు పడల్ల."

"అమ్మా, ఎలుతురు కావాలంటే వాన్నే బయటికి పొమ్మను."

"నేనేమన్నా టెలిఫోన్నా?" అంది నారాయణమ్మ. "ఎవరి నోరు వాళ్లకు లేదా?"

ప్రసూన నడుమ కేబుల్ తగిలించి ల్యాప్‌టాప్ వైపు చూస్తూ ఉండిపోయింది. షావలి గడప అవతల నుంచి మెడ చాచాడు.

"ఏమంటాండాయమ్మా?"

"నేనే పైనుండాను అని ఇదీ అంటాంది, అదీ అంటాంది. కలవమంటే కలవవు. ఒకదాన్ని కిందికి దించి, నువ్వు రెండోదాన్ని చూసి రాసుకో అనల్ల. అప్పుడు జత కుదురుతాది."

"దేన్ని దించుతావు?"

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి అడిగారు. భాగాలైన తర్వాత వాళ్లిద్దరి నోటా కలిసి వచ్చిన మొదటి మాట అదే.

"దేన్ని దించినా అక్షరం పోదు. ముందర రెండిట్లో ఉండేదీ ఇంకో చోట దాచిపెడతాండా."

"పోదు కదా. అట్లయితే వానిది దించు."

"అమ్మా, నాదెందుకు దించల్లో అడుగు."

"ఏమీ పోదని చెప్పినాక గూడా కొట్లాటేనా?" ప్రసూనకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. నవ్వే పైకి వచ్చింది. "సరే, ఇప్పుడు ఏదీ దించను. ముందర షావలన్న తోట చూద్దాం రాండి."

రెండు పెట్టెల్లో ఉన్నదాన్నీ తీసి ఒకే పటం మీద పరిచింది. నరసింహులు బండి కొత్తగా వేసిన బోర్లు ఎర్ర చుక్కలు. చైతన్య కొత్తగా మిషన్ పెట్టి చూసిన చోట్లు నీలం చుక్కలు. నడుమ పచ్చగా షావలి తోట. ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు ఒకే చోట చేరడం భాగాల తర్వాత అదే మొదలు.

చైతన్య వంగి చూశాడు. ఇంకా కాస్త వంగాడు.

"ఈ తిప్పేష్ చేన్లో బోరు ఎప్పుడేసినారు? గుట్టకవతల."

ఎవర్ని అడిగాడో చెప్పలేదు. తల్లి జవాబు చెప్పేది కాదు. నరసింహులు గొంతు సవరించుకున్నాడు.

"మొన్న. లోతు పోయేసరికి నల్లరాయి తగిలింది. ఉత్త దుమ్ము."

"దీనికవతల, ఈడ?"

"ఆడ గూడా నల్లరాయే. దుమ్మే."

చైతన్య ఒక ఎర్ర చుక్క మీద వేలు పెట్టి రెండోదాని మీదుగా గీసుకుంటూ వచ్చాడు. వేలు గుట్ట దాటింది, వంక దాటింది, షావలి తోటలోకి వచ్చింది. తూర్పు గెనం దగ్గర ఆగిపోయింది. వేలు తీసేశాడు.

"వదినా," అన్నాడు సన్నగా, "నల్లరాయి గోడ ఒకటే పోతాంది భూమిలో. నా రాయి సరిగ్గా దాని మీదుండాది."

"అంటే?" అన్నాడు షావలి.

"ఆడ ఏసింటే నీకు గూడా దుమ్మే షావలన్నా."

నరసింహులు మొహం వెలిగిపోయింది. "చెప్పలా నేను? ఉత్తరం మూలే అని మొత్తుకోలా?"

"ఉత్తరం మూల కింద ఏముండాదో అది గూడా చూపించు వదినా ఆయనకు."

ప్రసూన చూపించింది. చైతన్య మొన్న మిషన్ పెట్టి తీసిన లెక్క అది. పైనుంచి కింది దాకా గట్టి బండ. ఎక్కడా పగులు లేదు, చెమ్మ లేదు. పోయినేడు పైపైన చూసినప్పుడు కనిపించిన ఆశ ఇప్పుడు లోతుగా చూస్తే లేదు. నరసింహులు దాన్ని చదువుకోగలడు, ఇన్నేళ్లు అదే పని చేశాడు. చదువుకుని కింద కూర్చున్నాడు.

"రెండు టెంకాయలూ దండగే అయితే," అన్నాడు షావలి. అరవలేదు. అరిస్తే బాగుండేది.

ఆ రెండు పెట్టెలూ ఒక్కటిగా ఉండి ఉంటే ఈ సంగతి చైతన్యకు చేన్లోనే ఫోన్లో కనిపించేది. ఇద్దరికీ తెలుసు.

నరసింహులు చాలాసేపు పటం వైపే చూశాడు. తర్వాత, ఎవరో వెనక నుంచి తోసినట్టు మాట బయటికి వచ్చింది.

"గోడ అడ్డముంటే నీళ్లు యాడ నిలబడతాయిరా? పైపక్క కదా. నాయన అంటుండ్లా?"

చైతన్య తలెత్తాడు. అన్న మొహం చూశాడు. "పైపక్క నేను మిషన్ పెట్టలేదు."

"పెట్టు."

"ఇప్పుడా?"

"సాయంత్రం దాకా బండి నాది. మోటరు గది ఎనకాల పెట్టి చూడు. లెయ్."

షావలి అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టి తోట దారి పట్టాడు. చైతన్య సర్వే మిషన్ ఎత్తుకున్నాడు. బైకు ఒక్కటే ఉంది. నరసింహులు ఒక్క క్షణం తటపటాయించి తమ్ముడి వెనక ఎక్కాడు.

వంటింట్లో ముగ్గురు ఆడవాళ్లు మిగిలారు. మౌనిక తన దుప్పటి మడత పెడుతోంది. ఎన్నిసార్లు మడిచినా అది సరిగ్గా రావడం లేదు.

"ఇంక కలుపుతా," అంది ప్రసూన లేస్తూ. "కానీ ఈ రెండే కలిపితే చాలదు. మూడోది గూడా కావాల. అత్తా, రవ్వంత జరుగు. గూట్లో పెట్టె చూడల్ల."

"బాగుండాదిలే అది."

"బాగుంటే రెండూ ఆగవు అత్తా. నాకు ఆ పొద్దు నుంచీ అర్థం కాలేదు. జంట తెగితే ఒకటి ఆగల్ల, ఒకటి నడవల్ల. ఈ చిన్నది ఎవరి పక్కుంటే వాళ్లది నడవల్ల. రెండూ ఎట్లా ఆగినాయి? పెట్టెలు ముట్టద్దని మీ కొడుకు కసిరినాడు గానీ, లేకుంటే ఆ పొద్దే చూసేదాన్ని."

నారాయణమ్మ జరగలేదు. ప్రసూన ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి పోపుల డబ్బాలు పక్కకు తీసింది.

చిన్న పెట్టె చల్లగా ఉంది. లైటు లేదు. దాని వైరు గోడలోంచి ఊడదీసి, ముచ్చటగా చుట్ట చుట్టి, పాత చీర అంచు పీలికతో కట్టి ఉంది. ఆ ముడి ప్రసూనకు తెలుసు. ఎండుమిరపకాయల మూటకు, చింతపండు మూటకు ఆ ఇంట్లో అట్లా ముడి వేసేది ఒక్కరే.

మౌనిక చేతిలో దుప్పటి జారిపోయింది. "అత్తా! నువ్వా?"

"నేనే."

"ఎప్పుడు తీసినావు?" అంది ప్రసూన.

"పెద్దమనుషులు లేచినాక. వాండ్లు ఇంకా వాకిట్లో చెప్పులేసుకుంటాండ్రి."

"ఎందుకత్తా?"

నారాయణమ్మ ఇద్దరి వైపూ చూడలేదు. పొయ్యి వైపు తిరిగి గిన్నెలో రాగిపిండి పోసుకుని, దాంట్లో నీళ్లు కలపసాగింది.

"నువ్వే కదా చెప్పింటివి, ఇది ఎవరి పక్కుంటే వాళ్లది నడుస్తాదని. ఇదేమో నా గూట్లో ఉండాది. నా ఇల్లు పెద్దోని దుకాణానికి ఆనుకోని ఉండాది. అంటే పెద్దోనిది నడుస్తాది, చిన్నోనిది నిలబడిపోతాది. నా గూట్లో నుంచి నేనే నా చిన్నకొడుకు పని ఆపినట్లు కాదా? తీసేస్తే రెండూ ఆగుతాయి. ఆగితే ఇద్దరూ మల్ల ఒక చోటికి రాక సస్తారా అనుకుంటి. ఆఫ్తాబ్ అనేటోడు ఒకడుంటాడని నాకేం తెల్సు?"

"నేను నిన్నడిగినా కదా. గూట్లో లైటు వెలుగుతాందా అని."

"అడిగితివి."

"వెలుగుతాందంటివి."

"అంటి."

ప్రసూన గోడకు ఆనుకుంది. ఇన్నాళ్లూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

"అన్నం కాడ గూడా మీ కొడుకు నన్ను దొంగను చూసినట్లు చూస్తాండాడు. మా నాయన ఫోన్ చేసి, ఏమ్మా, పెట్టెలకు తాళమేసినావంటనే అని అడిగినాడు. నా పేరు చిలమత్తూరు దాకా పోయింది. నువ్వు వింటానే ఉంటివి. ఒక్క మాట అనలేకపోతివా అత్తా?"

"తప్పే," అంది నారాయణమ్మ. "నా తప్పే ప్రసూనా. షావలి తోట నా చేతుల్తోనే పోయేదేమో ఈపొద్దు. పొద్దున్నించీ నాకు గుండె యాడుండాదో తెల్దు."

గరిటెతో పిండి కలుపుతూనే ఉంది. కాసేపటికి గొంతు తగ్గించింది.

"అయినా ఒక మాటడుగుతా. వాండ్లకు చెప్పద్దు."

ప్రసూన కళ్లు తుడుచుకుంటున్న కొంగు తీసి చూసింది.

"నేనని తెల్సిందంటే పెద్దోడు, చిన్నోని కోసం నా పని ఆపితివా అంటాడు. చిన్నోడు, పంపకాల్లో నువ్వు గూడా చెయ్యి పెడితివా అంటాడు. నువ్వు కోడలివి. కోడలి మీద కోపం నాలుగు పొద్దులుండి తీరిపోతాది. తల్లి మీద పడితే తీరదు. ఇంకొన్నాళ్లు ఓర్చుకో తల్లీ. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా."

"అక్కా," అంది మౌనిక. మొహం కందిపోయింది. "నేను గూడా అంటి కదా నిన్ను. బస్టాండులో అంటి."

ప్రసూన వైరుకు కట్టిన పీలిక విప్పింది. ముడి గట్టిది, గోళ్లు నొప్పి పుట్టాయి. విప్పిన వైరును ప్లగ్గులో పెట్టకుండా చేతిలోనే ఉంచుకుని చాప మీద కూర్చుంది.

పొద్దు వాలుతుండగా బైకు చప్పుడైంది. అన్నదమ్ములిద్దరూ లోపలికి వచ్చారు. వెంట్రుకల నుంచి కాళ్ల దాకా బోరు దుమ్ము పడి ఇద్దరూ ఒకే రంగులో ఉన్నారు.

"మోటరు గది ఎనకాల," అన్నాడు చైతన్య. "ఇద్దరం చూసి ఒకే రాయి పెట్టినాం. షావలన్నే టెంకాయ కొట్టినాడు. బండి దింపేసినాం."

"నీళ్లు?" అంది మౌనిక.

"ఇంకా దుమ్మే. లోతుకు పోవల్ల." నరసింహులు చెంబు ఎత్తి నీళ్లు తాగి తమ్ముడికి అందించాడు. "కొత్తచెరువోళ్లకు రేపొస్తానని చెప్పినా. పడేదీ పడనిదీ చూసే పోతా. తినేసి మల్ల పోవల్ల ఇద్దరమూ."

చైతన్య చెంబు దించి, గోడనూ తల్లినీ కాకుండా ప్రసూననే చూస్తూ అన్నాడు. "వదినా, మాదే కిందికి దించు. కలిపేయ్."

మౌనిక అడ్డు చెప్పలేదు. మా పెట్టె మాకివ్వు అని కూడా అనలేదు.

నరసింహులు చాప అంచున కూర్చున్నాడు. పొద్దుటి పొగరు గొంతులో లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. అట్లా అడిగితే అబద్ధం చెప్పడం ఇంకా కష్టం.

"కలుపు. కానీ ప్రసూనా, మల్ల ఆ పొద్దు మాదిరే రెండూ ఆగిపోతే? షావలన్న లాంటోళ్లు ఎంతమంది ఉండారో మనల్ని నమ్ముకోని. నిన్ను తిట్టేదానికి అడగడంలా. ఆ పొద్దు ఏం జరిగిందో చెప్పు. నువ్వు ఆపినావా, లేదా?"

మౌనిక తల వంచుకుంది. నారాయణమ్మ వీపు కదల్లేదు, గిన్నెలో గరిటె మాత్రం ఆగిపోయింది.

ప్రసూన చేతిలో వైరు వైపు చూసుకుంది. దాని చివర చీర అంచు దారప్పోగు ఒకటి ఇంకా అంటుకునే ఉంది. దాన్ని నెమ్మదిగా తీసేసింది.

"అత్తా," అంది, గొంతు పెంచకుండా. "పిండి ఆడ పెట్టి చేతులు కడుక్కోని ఇట్లా రా. నీ కొడుకు ఏదో అడుగుతాండాడు."

నారాయణమ్మ చేతులు కడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.